బుర్రి నేల మీద కాలు పెట్టిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వానలు వెళ్లిపోయి పదిహేను రోజులైంది. తంగేడు పొదలు పసుప్పచ్చగా పూశాయి. సీతాఫలాలు లావెక్కుతున్నాయి. వానకు కరిగిన పుట్టలను చెదపురుగులు మళ్లీ కట్టుకుంటున్నాయి. రాలిన ఆకుల్లో కొన్ని ఎండి గలగలమంటున్నాయి, కొన్ని ఇంకా తడిగా నేలకు అంటుకునే ఉన్నాయి. పిల్లలకు అడవిని నేర్పడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఎండ మాడ్చదు, వాన తడపదు. ఏ చెట్టు కింద చూసినా ఏదో ఒకటి రాలి ఉంటుంది.

ఆ అడవిలో, ఒక కొండ గుహలో, గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు బుర్రి.

పిల్లలూ, మీకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఎలుగుబంటి తల్లి పిల్లను వీపు మీద మోస్తుంది. పిల్ల రెండు చేతులా తల్లి వెంట్రుకలు పట్టుకుని కూర్చుంటుంది. వానలు వెళ్లేదాకా అలా మోయడం ఆ కొండ మీద ఎలుగుల పద్ధతి. వానలు వెళ్లగానే దింపెయ్యడం కూడా పద్ధతే. ఆ ఏడు మిగతా తల్లులందరూ పిల్లల్ని దింపేశారు. గుబురమ్మ దింపలేదు.

దానికో కారణం ఉంది. బుర్రికి ముందు ఆమెకు ఒక కొడుకు ఉండేవాడు. వీపు మీంచి దింపిన నాలుగో రోజున వాణ్ణి చిరుతపులి ఎత్తుకుపోయింది. ఆ మాట గుబురమ్మ ఎవరితోనూ అనదు. కానీ బుర్రి పుట్టిన రోజునే ఆమె ఒకటి అనుకుంది. "దీని కాలు నేల మీద పెట్టనివ్వను. చదువంతా నా వీపు మీదే చెబుతాను."

చదువు చెప్పింది కూడా. రోజూ తెల్లవారగానే అడవంతా తిరిగి ఆకులు, కాయలు, గింజలు, ఈకలు, పాము విడిచిన కుబుసం లాంటివి ఏరుకొచ్చేది. గుహలో బండ మీద మూడు వరుసల్లో పేర్చేది. వరుసకు ఏడు, రోజూ దేని చోట అది. తర్వాత ఆ వరుసల పక్కన నడుస్తూ అడిగేది.

"మొదటిది?"

"తంగేడు పువ్వు," అనేది బుర్రి వీపు మీద నుంచి.

"రెండోది?"

"సీతాఫలం."

"మూడోది?"

"కుంకుడుకాయ."

అలా ఇరవై ఒకటీ చెప్పేది. ఒక్కటి తప్పేది కాదు. గుబురమ్మకు కడుపు నిండినంత పనయ్యేది.

కొండ కింద బొరియలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. వాళ్లు ఎప్పుడు చూసినా మట్టి కొట్టుకుని ఉండేవారు. ఒకరోజు సాయంత్రం వాగు దగ్గర ఇద్దరు తల్లులూ కలిశారు.

"మా బుర్రి ఇరవై ఒక్క పేర్లు చెబుతుంది వదినా," అంది గుబురమ్మ. "మీవాళ్లు ఎన్ని చెబుతారు?"

"మావాళ్లకు పేర్లు ఎక్కడ వస్తాయమ్మా!" అంది సూదమ్మ. "నిన్న పచ్చి కుంకుడుకాయ కొరికారు. ఇద్దరి నోళ్లూ ఒకటే నురగ. పెద్దాడు ఏడుస్తుంటే వాడి నోట్లోంచి బుడగలు వచ్చాయి. చిన్నాడు ఏడుపు ఆపేసి ఆ బుడగలు పగలగొట్టాడు."

"అయ్యో! నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"కుంకుడుకాయే కదా, ప్రాణం పోదు. విషపు ముష్టికాయ అయితే చేతిలోంచి కొట్టి పడేసేదాన్ని. ఇవాళ చూడు, కుంకుడు చెట్టు ఉన్న దారికే పోవడం లేదు."

గుబురమ్మ నవ్వు ఆపుకుంది. "మరి వాళ్లకేం నేర్పుతున్నావు?"

"నేర్పడమేముంది, ఇంటి పనే. పొద్దున పడుకునే పక్కకు ఆకులు కావాలంటాను. గలగలమనేవి తెమ్మంటాను, తడివి వద్దంటాను. మధ్యాహ్నం ఒక సీతాఫలం తెమ్మంటాను, ఇవాళ తినడానికి పనికొచ్చేది. సాయంత్రం ఒక బొరియ దగ్గర నిలబెట్టి, ఇందులో ఎవరున్నారో వాసన చూసి చెప్పమంటాను. అంతే."

"తెస్తారా?"

"రెండు రోజులు తడి ఆకులే తెచ్చారు. మూడో రోజు ఎండువి తెచ్చారు. మధ్యలో రెండు రాత్రులు అందరం తడి పక్క మీదే పడుకున్నాం. నడుం పట్టేసింది వదినా, అబద్ధమెందుకు?"

"నువ్వే తెచ్చుకుంటే చిటికెలో అయిపోయేదిగా?"

"అయిపోయేది," అని ఒప్పుకుంది సూదమ్మ.

ఇంటికి వస్తూ గుబురమ్మ ఆలోచించింది. బుర్రికి పేర్లు ఎలాగూ వచ్చేశాయి. ఈ మూడు పనులూ నేర్పితే సూదమ్మ కొడుకుల కన్నా ముందే ఉంటుంది. అయితే దింపడం మాత్రం కుదరదు.

మర్నాడు పొద్దున ఆకుల పని పెట్టింది. ఒక చెట్టు కింద ఆగి, "అమ్మడూ, గలగలమనే ఆకు ఏదో చూడు," అంది.

బుర్రి వీపు మీద నుంచి వంగి చెయ్యి చాపింది. చెయ్యి నేలకు అందలేదు. ఇంకాస్త వంగింది. జారబోయింది.

"అమ్మా, కాసేపు దిగుతాను."

"వద్దు వద్దు. పడతావు. నేను తీస్తానుగా," అని గుబురమ్మ తన గోళ్లతో ఆకులన్నీ ఒక్క లాగు లాగి, ఎండువి ఒక పక్కకు, తడివి ఒక పక్కకు చేసేసింది. "చూశావా? ఇవి ఎండువి. ఇవి తడివి."

"చూశాను," అంది బుర్రి. అంత ఎత్తు నుంచి చూస్తే రెండూ గోధుమరంగులోనే ఉన్నాయి. కానీ అమ్మ చెప్పింది కదా.

రెండో రోజు సీతాఫలం పని. ఈసారి కొమ్మ బుర్రి చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. బుర్రి ఒక కాయ పట్టుకుని లాగింది. పచ్చికాయ, రాయిలా ఉంది.

"అది కాదు," అంది గుబురమ్మ. ఆమెకు ఆకలిగా ఉంది. సూదమ్మలా రోజంతా కూర్చోవడం ఆమె వల్ల కాదు. తానే పక్క కొమ్మకున్న పండు తుంచింది. కళ్లు విచ్చుకున్న పండు, వేలు పెడితే దిగిపోతోంది. దాన్ని విప్పి, గింజలు ఊసేసి, గుజ్జు మాత్రం వెనక్కి చాచి బుర్రి నోట్లో పెట్టింది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా. ఇది రెండోది కదా!"

"అవును, రెండోదే. బంగారు తల్లి!"

మూడో రోజు పుట్ట పని. ఎలుగులకు చెదలంటే ప్రాణం. పుట్ట తవ్వి, ముక్కు పెట్టి, ముందు ఫూ అని దుమ్ము ఊది, తర్వాత సుర్రుమని చెదలను లోపలికి పీల్చేస్తాయి. కొండ వెనకాల ఒక పెద్ద పుట్ట దగ్గరికి వెళ్లి గుబురమ్మ నేల వాసన చూసింది.

"చెదల వాసన. గుర్తుపెట్టుకో," అంది.

బుర్రి గట్టిగా గాలి పీల్చింది. దాని ముక్కు తల్లి మెడ వెంట్రుకల్లో ఉంది.

"నాకు నీ వాసనే వస్తోందమ్మా."

ఆ మాటకు గుబురమ్మ మనసు కరిగిపోయింది. పిల్ల తన మీద ప్రేమతో అన్నదనుకుంది. బుర్రి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

గుబురమ్మ తవ్వడం మొదలుపెట్టింది. పుట్ట అడుగున ఒక బండ అడ్డొచ్చింది. ముందరి చెయ్యి బండ కిందికి దూర్చి పైకి లేపబోయింది. సరిగ్గా అప్పుడే, కింద ఏం జరుగుతోందో చూడాలని బుర్రి తల్లి తల మీంచి ముందుకు వంగింది. వానలకు ముందు బుర్రి కుందేలంత ఉండేది. ఇప్పుడు మేకపిల్లంత అయింది. ఆ బరువు ఒక్కసారిగా ముందుకు వచ్చేసరికి గుబురమ్మ తూలింది. బండ జారింది. చెయ్యి మెలిపడింది.

మూడు కాళ్ల మీద కుంటుకుంటూ, పిల్లను మోస్తూ గుహకు చేరేసరికి పొద్దు వాలింది. పొద్దుటికి చెయ్యి సొరకాయంత వాచింది. ఆ రోజంతా తల్లీ కూతురూ ఏమీ తినలేదు. ఆ మర్నాడు గుబురమ్మ లేవబోయి మళ్లీ కూలబడింది.

"అమ్మా, నేను వెళ్లి తెస్తాను," అంది బుర్రి. "నాకు ఇరవై ఒకటీ వచ్చుగా."

గుబురమ్మ వద్దంది. బుర్రి కడుపు గుర్రుమంది. ఆ చప్పుడు విన్నాక గుబురమ్మ మళ్లీ వద్దనలేకపోయింది.

"గుహ ముందరి మైదానం దాటకు. నాకు కనిపించేంత దూరంలోనే ఉండు," అంది.

బుర్రి గుహ బయటికి వచ్చింది. నేల మీద కాలు పెట్టింది. గులకరాయి గుచ్చుకుంటే ఎగిరి పక్కకు దూకింది. గడ్డి గిలిగింతలు పెడితే నవ్వింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అమ్మా! అడవిలో మొదటి వరుస ఎక్కడుంది?"

గుబురమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరిగి బండ వైపు చూసింది. ఇన్నాళ్లూ బుర్రి చెప్పింది వస్తువుల పేర్లు కాదు. బండ మీది చోట్ల పేర్లు. మొదటి చోటున ఉన్నది తంగేడు, రెండో చోటున ఉన్నది సీతాఫలం. ఆ చోట్లు అడవిలో లేవు.

"అక్కడ వరుసలుండవమ్మా," అంది గుబురమ్మ. "నువ్వే వెతుక్కోవాలి."

బుర్రి వెతికింది. మొదటిసారి ఒక సీతాఫలం తెచ్చింది. రాయిలాంటి పచ్చికాయ. కొరికితే పళ్లు జిల్లుమన్నాయి. రెండోసారి గుండ్రటి కాయలు నోటి నిండా కుక్కుకుని వచ్చింది. గుహ దాకా రాకుండానే నోట్లోంచి తెల్లగా నురగ కారింది.

"ఇది ఎన్నోదమ్మా?" అంది బుడగల మధ్య నుంచి.

"మూడోది," అంది గుబురమ్మ. "ఊసెయ్యి."

మూడోసారి బుర్రి, "పుట్ట దగ్గరికి వెళతాను, అదైతే నాకు బాగా తెలుసు," అంటూ పరుగెత్తింది. మైదానం చివర రెండు పుట్టలున్నాయి. ఒకటి చిన్నది. దాని మీద తడి మట్టి కొత్తగా పైకి వచ్చి ఉంది. రెండోది పెద్దది, పాతది, ఎండి గట్టిపడింది. దానికొక కన్నం ఉంది. కన్నం అంచు ఎవరో రోజూ రుద్దినట్టు నున్నగా ఉంది.

బుర్రికి పెద్దది నచ్చింది. తవ్వే పని కూడా లేదు, తలుపు తీసే ఉంది. నేరుగా వెళ్లి ఆ కన్నం ముందు మూతి పెట్టి, అమ్మలాగే ఫూ అని ఊదింది.

లోపలి నుంచి బుస్సుమంది.

గుహ ముందు నుంచి గుబురమ్మ చూసింది. కన్నంలోంచి ఒక ముసలి తాచు లేచి, బుర్రి ముక్కుకు జానెడు దూరంలో పడగ విప్పి నిలబడింది.

"ఎవరే నువ్వు? నా కళ్లలో దుమ్ము కొట్టావు," అంది తాచు.

"నేను బుర్రిని. చెదలు తినడానికి వచ్చాను. మీరెవరు తాతా?"

"చెదలు ఇక్కడ ఎన్నో ఏళ్లుగా లేవు. ఇది నా ఇల్లు. వాసన చూసుకోకుండానే మూతి పెట్టావా?"

"చూశాను. ఏ చెదల వాసనా రాలేదు. చెదల వాసనంటే మా అమ్మ వాసన కదా. అమ్మ గుహలో ఉంది."

తాచు నాలుక ఒకసారి బయటికి ఆడించింది. అలాంటి జవాబు అదెప్పుడూ వినలేదు. "మీ అమ్మ నీకు పాము గురించి చెప్పలేదా?"

"కుబుసం తెలుసు. పదిహేడోది."

"అది విడిచింది నేనే," అంది తాచు. "ఇదిగో చూడు. మూడుసార్లు బుస కొడతాను. ఒకటి అయిపోయింది. మూడోదాని తర్వాత నేను మాట్లాడను."

గుబురమ్మ అప్పటికే లేచింది. మూడు కాళ్ల మీద పరుగెత్తబోయి బోర్లా పడింది. మళ్లీ లేచింది. పుట్టకూ ఆమెకూ ఇంకా అరవై అడుగుల దూరం ఉంది. తాను చేరేలోపు అంతా అయిపోతుందని ఆమెకు తెలిసిపోయింది. బుర్రిని ఎత్తుకోవడం కుదరదు. బుర్రి బదులు తాను నడవడం కుదరదు.

"బుర్రీ!" అని పిలిచింది. "చెయ్యి ఎత్తకు. తల తిప్పకు. ఒక్కో కాలూ వెనక్కి పెట్టు."

"వెనక్కి ఎలా పెట్టాలమ్మా?"

పాపం, అది ఎన్నడూ వెనక్కి నడవలేదు. ముందుకు నడవడమే ఆ పొద్దున మొదలుపెట్టింది.

తాచు రెండోసారి బుస కొట్టింది.

"నీ కాళ్లకు నేల తెలుస్తోందా?" అని అడిగింది గుబురమ్మ.

"తెలుస్తోంది. వెచ్చగా ఉంది."

"వెనక కాలితో తడుముకో. నేల దొరికాక బరువు వెయ్యి. దొరికిందా?"

"రాయి తగిలింది."

"దాని పక్కన పెట్టు."

బుర్రి పక్కన పెట్టింది. ఇంకో కాలు తడుముకుంది. గడ్డి తగిలింది, బరువు వేసింది. అలా ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకు తూలి కూలబడింది. తాచు పడగ ముందుకు వంగింది. బుర్రి కదలకుండా అలాగే కూర్చుని, మళ్లీ కాలు తడుముకుంది. తాచు చూస్తూ ఉంది. పదో అడుగుకు పడగ దించింది.

"గుబురమ్మా," అంది తాచు. "నా కుబుసం తీసుకెళ్లావు, సరే. దాన్ని ఒక్కసారి పిల్ల ముక్కుకు ఆనించి ఉంటే ఇవాళ నాకు నిద్ర చెడేది కాదు."

అనేసి లోపలికి వెళ్లిపోయింది. మూడో బుస ఇక కొట్టలేదు.

గుబురమ్మ కుంటుకుంటూ వచ్చి బుర్రి పక్కన కూర్చుంది. పిల్ల ముక్కూ మూతీ తడిమి చూసింది. తర్వాత బుర్రి లేచి, అలవాటుగా తల్లి వీపు ఎక్కబోయింది. గుబురమ్మ కూడా అలవాటుగా వీపు వంచింది. 'ఎక్కమ్మా' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ఆమె దాన్ని మింగేసింది. వంచిన వీపు మళ్లీ నిటారు చేసింది.

"బుర్రీ, ముక్కు నేలకు పెట్టు. ఇక్కణ్ణించే, దూరంగా. ఆ పెద్ద పుట్ట వైపు నుంచి ఏం వాసన వస్తోంది?"

బుర్రి ముక్కు నేలకు ఆనించింది. ఈసారి మధ్యలో వెంట్రుకలు లేవు.

"అమ్మా! చాలా వాసనలున్నాయి!" అంది ఆశ్చర్యంగా. "ఒకటి... పాత చేపలా, పచ్చిగా, చల్లగా ఉంది."

"అది తాత వాసన. ఇప్పుడు చిన్న పుట్ట?"

బుర్రి అటు పాక్కుంటూ వెళ్లింది. "తడి మట్టి. దాని కింద... పుల్లగా ఏదో. అమ్మా, లోపల ఏదో కదులుతోంది కూడా!"

"తవ్వు."

బుర్రి తవ్వింది. తప్పు పక్కన తవ్వింది. మట్టి ముక్కులోకి పోయి ఏడుసార్లు తుమ్మింది. ఊదాల్సిన చోట పీల్చింది, పీల్చాల్సిన చోట ఊదింది. ఊదిన ఊపుకు సగం చెదలు ఎగిరిపోయాయి. గుబురమ్మ ఆకలితో చూస్తోంది. ఆమె రెండో చెయ్యి బాగానే ఉంది. ఒక్క గోరు వేస్తే పుట్ట రెండు ముక్కలవుతుంది. ఆ చెయ్యి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ఆమె దాన్ని తన ఒంటి కిందికి తోసి దాని మీద పడుకుంది. పులి ముందు నిలబడడం కూడా ఇంత కష్టం కాదనిపించింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బుర్రి మొదటిసారి సుర్రుమంది. దాని ముఖం వెలిగిపోయింది.

"వచ్చేశాయమ్మా! నువ్వూ రా. ఇదిగో, ఇక్కడ ముక్కు పెట్టు. ముందు ఊదాలి, తెలుసా?"

"అలాగా?" అంది గుబురమ్మ. కూతురు చూపించిన చోట ముక్కు పెట్టింది.

చెయ్యి నయం కావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ బుర్రి సూదమ్మ కొడుకులతో కలిసి పని చేసింది. పొద్దున ఆకులు, మధ్యాహ్నం సీతాఫలాలు, సాయంత్రం బొరియలు. మొదటి రోజు తడి ఆకులు తెచ్చింది. గుబురమ్మ వాటి మీదే పడుకుంది. పొద్దున్నే సూదమ్మ వచ్చి, "నడుం ఎలా ఉంది వదినా?" అని అడిగింది.

"పట్టేసింది," అంది గుబురమ్మ.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

చిరుత భయం గుబురమ్మకు పోలేదు. పోవాల్సిన పని కూడా లేదు. చెయ్యి బాగయ్యాక ఆమె బుర్రి వెనక పది అడుగుల దూరంలో నడిచేది, చెవులు రిక్కించి, కళ్లు పొదల మీద పెట్టి. చిరుత వాసన గాలిలో వచ్చిన రోజున పిల్లను ఆపింది, దాని ముక్కును గాలి వైపు తిప్పింది. "ఈ వాసన వస్తే ఇరుకు బండ సందులోకి దూరు. నన్ను అడగకు," అంది. బుర్రి ఆ క్షణంలోనే దూరి చూపించింది.

గుహలో బండ మీది మూడు వరుసలు ఏమయ్యాయంటారా? ఆకులు పక్కలోకి పోయాయి. గింజలను ఎలుకలు తిన్నాయి. కుబుసాన్ని మాత్రం బుర్రి వాసన చూసి, దూరంగా తీసుకెళ్లి పారేసింది.

చలి మొదలైన పొద్దున గుబురమ్మ గుహ ముందు నిలబడి, తెలియకుండానే వీపు వంచింది. బుర్రి ఆమె పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది. కొంత దూరం పోయాక ఆగి, ముక్కు నేలకు పెట్టి, "అమ్మా, ఇటు రా, ఇవాళ ఇటు బాగుంది," అని పిలిచింది.

గుబురమ్మ వీపు సర్దుకుని కూతురి వెనక నడిచింది. ఆ వీపుకు బరువు లేకపోవడం అలవాటు కావడానికి మరో నెల పట్టింది.

నీతి: పిల్లల బదులు మనం చేసిపెట్టిన పని మనకే వస్తుంది, వాళ్లకు రాదు. వాళ్లను ముట్టుకోనివ్వాలి, వాసన చూడనివ్వాలి, ప్రాణం మీదికి రాని తప్పులు చెయ్యనివ్వాలి. పక్కనే ఉండి ఓపిక పట్టడం పెద్దవాళ్ల వంతు.